సుకూన్ ఎవరికి?

క్యాంపస్‌లో కులం – 6వ భాగం

ఫెస్టుల కాలం వచ్చింది. ఐటీ కారిడార్‌లో, దాని చుట్టుపక్కల ఏ కాలేజీ గేటు చూసినా ఫ్లెక్సీలే. స్పాన్సర్ల లోగోలు పైన, కాలేజీ పేరు మధ్యలో, రాత్రీ పగలూ తిరిగి పనిచేసే పిల్లల పేర్లు ఎక్కడో అడుగున. "విద్యార్థుల చేత, విద్యార్థుల కోసం" అన్న మాట మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

ఏ విద్యార్థుల చేత? ఏ విద్యార్థుల కోసం? ఇవాళ్టి భాగం ఈ రెండు ప్రశ్నల మీదే.

ఫెలోషిప్‌లు, హాస్టళ్లు, అడ్మిషన్ల గురించి రాసుకుంటూ వచ్చి మధ్యలో ఈ పాటలూ డాన్సుల గోల ఏమిటని కొందరికి అనిపించవచ్చు. చెప్తాను. మన ప్రైవేటు కాలేజీల్లో విద్యార్థి సంఘానికి ఎన్నికలు లేవు. అక్కడ విద్యార్థుల చేతికి కాస్త డబ్బు, కాస్త స్థలం, ఒక మైకు, "నీకు ఇస్తాం, నీకు ఇవ్వం" అనే అధికారం దొరికేది ఒక్క ఫెస్ట్ కమిటీలోనే. ఇరవై ఏళ్లకు ఎవరికి స్టాల్ ఇవ్వాలో తేల్చడం నేర్చుకున్నవాడే ముప్పై ఏళ్లకు ఎదురుగా ఉన్న టవర్‌లో కూర్చుని ఎవరికి ఉద్యోగం ఇవ్వాలో తేలుస్తాడు. కాబట్టి ఇది ఆటపాటల ముచ్చట కాదు. ఇది రేపటి హెచ్‌ఆర్ డిపార్ట్‌మెంట్‌కు ఇవాళ్టి ట్రైనింగ్.

ఇక అసలు కథకు వద్దాం. అది మన పక్కనే, గచ్చిబౌలిలో జరిగింది.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో పుట్టింది. ఆరు సూత్రాల పథకంలో భాగంగా పార్లమెంటు చట్టంతో వచ్చిన యూనివర్సిటీ అది. సైబర్ టవర్స్‌ను ప్రారంభించింది 1998లో. అంటే ఈ గాజు భవనాలు రాకముందే, ఆ రాళ్ల మధ్య చదువుకునే పిల్లలున్నారు. ఆ క్యాంపస్‌లో విద్యార్థులే నడుపుకునే ఏటేటి సాంస్కృతిక ఉత్సవం పేరు "సుకూన్". ఉర్దూ మాట. నెమ్మది, మనశ్శాంతి అని అర్థం.

2006లో ఆ సుకూన్‌లో దళిత్ స్టూడెంట్స్ యూనియన్ ఒక స్టాల్ అడిగింది. బీఫ్ స్టాల్. అందరిలాగే వండుతాం, అందరిలాగే అమ్ముతాం, తినేవాళ్లు తింటారు అంది. అంతే, అందరి నెమ్మదీ చెదిరిపోయింది. అనుమతి నిరాకరించారు. వాదనలు నడిచాయి, పోరాటం నడిచింది. చివరికి స్టాల్ పెట్టారు. ఆ ఒక్క స్టాల్ గొడవ మీద గుండిమెడ సాంబయ్య గారు 2009లో "సౌత్ ఏషియా రీసెర్చ్" జర్నల్‌లో ఏకంగా ఒక పరిశోధనా వ్యాసమే రాశారు. పై కులాల అలవాటు అందరి సంస్కృతిగా ఎలా చలామణీ అవుతుందో, దళిత విద్యార్థులు దాన్ని ప్రశ్నించడం వల్ల ఆ ఉమ్మడి స్థలం కొంతైనా ఎలా ప్రజాస్వామికం అయ్యిందో ఆ వ్యాసం చూపిస్తుంది. పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు తప్పక వెతికి చదవండి. మన జీవితం మీద మనవాళ్లే రాసిన సిద్ధాంతం అది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఫుడ్ ఫెస్ట్‌లో "ఆంధ్రా స్టాల్" అంటే ఏం పెడతారు? పప్పు, పులిహోర, గోంగూర, ఆవకాయ. "తెలంగాణ స్టాల్" అంటే? సకినాలు, సర్వపిండి, మరీ ధైర్యం చేస్తే నాటుకోడి. తునకల కూర ఆంధ్రాది కాదా? బోటి తెలంగాణది కాదా? వాడలో దండెం మీద ఎండిన తునకలు ఏ రాష్ట్రానివి? మనం తినే తిండికి కులం పేరు ఉంటుంది. వాళ్లు తినే తిండికి ప్రాంతం పేరు ఉంటుంది. ఒక కులం వంటింటిని మొత్తం రాష్ట్రానికి మ్యాపుగా గీసి పెట్టారు. ఆ మ్యాపులో వాడ లేదు. 2006లో ఆ విద్యార్థులు అడిగింది కూర గిన్నె పెట్టుకోవడానికి నాలుగడుగుల జాగా మాత్రమే కాదు, ఆ మ్యాపులో తమ వాడ.

ఇప్పుడు అనుమానాల దగ్గరికి వద్దాం. ఇలాంటి పని మొదలుపెట్టిన ప్రతి విద్యార్థి బృందం చుట్టూ నాలుగు రకాల మనుషులు చేరతారు. నలుగురికీ జవాబు చెప్పాలి. అందరికీ ఒకే గొంతుతో కాదు.

మొదటివాళ్లు: "తిండి వ్యక్తిగతం కదా, పబ్లిక్‌లోకి ఎందుకు తేవడం?"

బాగుంది. తిండి వ్యక్తిగతమే అయితే ఫెస్ట్‌లో మిగతా స్టాళ్లన్నీ ఎత్తేయండి. పానీపూరీ, మోమోలు, దోశ, చికెన్ సిక్స్‌టీఫైవ్ అన్నీ ఇంట్లో తలుపేసుకుని తిందాం. అలా ఎవరూ అనరు. వాళ్ల తిండి పబ్లిక్, మన తిండి ప్రైవేటు. వాళ్ల పండుగ సెలవు, మన జయంతి పర్మిషన్. ఈ గీత గీసిందెవరు?

రాజ్యాంగం వైపు నుంచి కూడా చూడండి. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చింది. అందులో విడిగా తన అభిప్రాయం రాసిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, ఏం తినాలో ఏం కట్టుకోవాలో రాజ్యం చెప్పడం ఎవరికీ నచ్చదన్న అర్థం వచ్చేలా రాశారు. కృష్ణా జిల్లాలో పుట్టిన తెలుగాయన చెప్పిన మాట అది. వ్యక్తిగతం అంటే ఎవడూ వచ్చి ఆపకూడదని అర్థం. ఎవరికీ కనపడకుండా దాచుకోవాలని కాదు.

రెండోవాళ్లు: "మనోభావాలు దెబ్బతింటాయి, శాంతిభద్రతల సమస్య వస్తుంది."

ఈ మాట వెనక ఏం జరుగుతుందో మన నగరానికి బాగా తెలుసు. 2012 ఏప్రిల్ 15న, అంబేద్కర్ జయంతి మర్నాడు, ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టుకున్నారు. బిర్యానీ వండారు, పాటలు పాడారు. దాన్ని ఆపడానికి వచ్చినవాళ్లతో ఘర్షణ జరిగింది. ఒక విద్యార్థిని కత్తితో పొడిచారు. వాహనాలు తగలబడ్డాయి. పోలీసులు బాష్పవాయువు వదిలారు. మర్నాడు చర్చ దేని మీద జరిగింది? కత్తి మీద కాదు, కూర మీద. పొడిచినవాడి మనోభావం ఏమిటని ఎవరూ అడగలేదు. పొయ్యి వెలిగించినవాడి ఉద్దేశం ఏమిటని మాత్రం టీవీల్లో గంటలకొద్దీ అడిగారు.

మళ్లీ 2015 డిసెంబర్ 10న, అంతర్జాతీయ మానవ హక్కుల దినాన, ఉస్మానియాలోనే పెట్టాలనుకున్నారు. ఈసారి కోర్టు ఆదేశాలు వచ్చాయి, క్యాంపస్ నిండా పోలీసులు దిగారు, విద్యార్థులను అదుపులోకి తీసుకున్నారు. 2017 మే నెలలో పశువుల సంతల మీద కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చినప్పుడు, దానికి నిరసనగా ఐఐటీ మద్రాసులో విద్యార్థులు బీఫ్ తిన్నారు. ఆ తర్వాత అందులో పాల్గొన్న ఒక పరిశోధక విద్యార్థిని కన్ను దెబ్బతినేలా కొట్టారు. ఆ నిబంధనలను అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు దేశమంతటా నిలిపివేసింది. అంటే కోర్టు ఆపిన నిబంధనకు ఎదురు నిలిచినందుకు ఆ పిల్లవాడు దెబ్బ తిన్నాడు.

కాబట్టి శాంతిభద్రతల లెక్క సరిగ్గా వేయండి. వండినవాళ్లు ఎవరినీ కొట్టలేదు, తిననివాళ్ల నోట్లో ఎవరూ ముద్ద కుక్కలేదు. గొడవ చేస్తామని బెదిరించేవాడిని వదిలేసి, బెదిరింపులు ఎదుర్కొనేవాడికి అనుమతి రద్దు చేయడం శాంతిని కాపాడటం కాదు. అది బెదిరించినవాడికి వీటో చేతికివ్వడం. ఈసారి కూర మీద ఇస్తే, వచ్చేసారి పాట మీద అడుగుతాడు, ఆపై ఏడు సినిమా మీద అడుగుతాడు.

చట్టం పేరు చెప్పి భయపెట్టేవాళ్లకు చట్టమే చెప్పండి. మన దగ్గర ఉన్నది 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం. అది ఆవును కోయడాన్ని నిషేధిస్తుంది. గేదెలు, ఎడ్ల విషయంలో అధికారి సర్టిఫికెట్ కావాలంటుంది. తినడాన్ని నేరం చేసే మాట అందులో లేదు. హైదరాబాద్ పేదవాడి కల్యాణి బిర్యానీ బర్రె మాంసంతోనే ఉడుకుతుంది. పొద్దున నిహారీ తాగి ఆటో ఎక్కే మనిషిని ఈ నగరం ఎన్నడూ నేరస్తుడిగా చూడలేదు. అదే నిహారీ క్యాంపస్ గేటు లోపలికి రాగానే ఎందుకు నేరమవుతుంది? క్యాంపస్ కంటే ఇరానీ హోటలే ఎక్కువ ప్రజాస్వామికమా?

మూడోవాళ్లు: "ఇదంతా గుర్తింపు రాజకీయం. భూమి, ఉద్యోగాలు, చదువు అసలు సమస్యలు."

ఈ మాట మన ఎర్రజెండా మిత్రుల నుంచి వస్తుంది. ప్రేమతోనే అంటారు, ఒప్పుకుంటాను. వాళ్లకు నేను ఆ 1977నే మళ్లీ గుర్తు చేస్తాను. ఆ ఏడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి ఇప్పుడు చెప్పిన గోవధ నిషేధ చట్టం. రెండోది అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం. భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చిన భూమిని ఎవరూ కొనకూడదు, కొన్నా చెల్లదు అని చెప్పే చట్టం అది. ఒకటి ఆవుకు రక్షణ, ఇంకొకటి దళితుడి భూమికి రక్షణ. రెండింటికీ ఒకే వయసు.

ఇప్పుడు ఈ కారిడార్‌లో నిలబడి చూడండి. ఈ రెండు చట్టాల్లో ఏది అందరికీ కంఠస్థం? ఏ చట్టం కోసం రాత్రిపూట రోడ్ల మీద బండ్లు ఆపి మరీ తనిఖీ చేసే మనుషులున్నారు? అసైన్డ్ భూమి చేతులు మారుతుంటే అడ్డంపడిన గుంపును ఎప్పుడైనా చూశారా? ఎకరం కోట్లు పలికే ఈ నేల మీద పేదవాడి పట్టా ఎలా జారిపోయిందో రంగారెడ్డి జిల్లాలో ఏ పాత ఊరి వాడకు పోయి అడిగినా చెప్తారు. భూమి వేరు, తిండి వేరు కాదు మిత్రులారా. ఎవడి తిండి అసహ్యమో వాడి పట్టా చిత్తుకాగితం. మనిషిని ముందు అంటరానివాడిని చేస్తారు, తర్వాత వాడి ఆస్తిని అంటుకుంటారు.

1927లో మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకున్నది కేవలం దాహం తీరడానికా? ఉమ్మడి చెరువు నిజంగా ఉమ్మడిదో కాదో తేల్చడానికి. స్టాల్ కూడా అంతే. ఆకలి తీరడానికి కాలేజీ బయట వంద బండ్లున్నాయి.

ఇక్కడే తెలివైనవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు. "మహద్‌లో అంబేద్కరే కదా చచ్చిన పశువు మాంసం మానేయమన్నాడు? మీ భాగ్యరెడ్డి వర్మ ఈ హైదరాబాద్‌లోనే మద్యానికీ జంతుబలికీ వ్యతిరేకంగా తిరిగాడు కదా?" నిజమే, రెండూ నిజమే. దాచాల్సిన అవసరం మనకు లేదు. అయితే తేడా చూడండి. చచ్చిన పశువును ఈడ్చుకుపోవడం, ఆ మాంసం తినడం కులం మన మీద వేసిన చాకిరీ. దాన్ని వదిలేయమనడం చాకిరీని వదిలేయమనడం. సంతలోనో దుకాణంలోనో డబ్బు పెట్టి కొనుక్కుని, కడుపునిండా ఇష్టంగా వండుకోవడం చాకిరీ కాదు. ఇంకో ముఖ్యమైన మాట. మన పెద్దలు ఏది మానుకోమన్నా, మన సభలో, మన మంచికోసం, మనతో మాట్లాడి చెప్పారు. పక్కింటివాడు వచ్చి "నీ వాసన నాకు పడదు, మానెయ్" అంటే అది సంస్కరణ కాదు, పెత్తనం. అదే బాబాసాహెబ్ 1948లో "అంటరానివారు ఎవరు?" అన్న పుస్తకంలో అంటరానితనం పుట్టుకను గొడ్డుమాంసంతో ముడిపెట్టి చర్చించాడు. ఆ ముడి ఎక్కడుందో ఆయన చూపించాడు. విప్పాల్సిన పని మన మీద పెట్టాడు.

నాలుగోవాళ్లు మనవాళ్లే. వీళ్లతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించాలి.

"అక్కా, మా నాన్న మేస్త్రీ పని చేసి చదివిస్తున్నాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకా పడలేదు. సర్టిఫికెట్లు కాలేజీ చేతిలో ఉన్నాయి. క్లాసులో నా కులం ఎవరికీ తెలియదు. స్టాల్ వెనక నిలబడితే ప్లేస్‌మెంట్ సెల్‌లో ఏమనుకుంటారో." ఇలాంటి మాటలు నాకు ఇన్‌బాక్స్‌లో చాలా వస్తాయి. వీళ్లను పిరికివాళ్లనకండి. ఆ భయం ఊహ కాదు. ఆఫీసు ప్యాంట్రీలో టిఫిన్ డబ్బా మూత తీసేముందు నాలుగు వైపులా చూసుకునే మనవాళ్లు ఈ కారిడార్‌లో ఎంతమందో నాకు తెలుసు. "ఏం తింటావు?" అన్న ప్రశ్న ఇక్కడ "నీ కులం ఏమిటి?" అన్న ప్రశ్నకు మర్యాద తొడుగు. 2024 మార్చిలో జొమాటో శాకాహారులకు ప్రత్యేకంగా ఆకుపచ్చ యూనిఫాం డెలివరీ దండును ప్రకటించి, విమర్శలు రాగానే ఒక్కరోజులో ఆ రంగును వెనక్కి తీసుకుంది. ఆ రంగు ఉండి ఉంటే మన గల్లీకి ఏ రంగు బండి వస్తోందో చూసి ఇల్లు అద్దెకు ఇచ్చేవాళ్లు. ఇది తెలిసిన పిల్ల భయపడకుండా ఎలా ఉంటుంది?

అందుకే నా మాట ఒకటే. స్టాల్ అనేది కులం ఒప్పించే కటకటాలు కాకూడదు. ముందు నిలబడగలిగినవాళ్లు ముందు నిలబడండి. నిలబడలేనివాళ్లు గిన్నెలు సర్దినా చాలు, దూరం నుంచి చూసినా చాలు. మనలో పెద్దకూర తిననివాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు ద్రోహులు కారు. తింటేనే దళితుడు అనడం, తింటే దళితుడే అనడం రెండూ ఒకే తప్పు. మనం అడుగుతున్నది తినే హక్కు, తినాల్సిన బాధ్యత కాదు.

అయితే ఆ నాలుగోవాళ్లకు ఇంకొక మాట కూడా చెప్పాలి. దాక్కుంటే వదిలేస్తారన్న నమ్మకం ఎక్కువరోజులు నిలవదు. అదే గచ్చిబౌలి క్యాంపస్‌లో 2015 చివర్లో రోహిత్ వేములతో సహా ఐదుగురు దళిత పరిశోధకుల మీద అమలు చేసిన శిక్ష ఏమిటో గుర్తుందా? హాస్టల్ నుంచి గెంటివేత. పరిపాలనా భవనంలోకి రాకూడదు. ఉమ్మడి ప్రదేశాల్లోకి గుంపుగా రాకూడదు. విద్యార్థి సంఘ ఎన్నికల్లో పాల్గొనకూడదు. ఆ "ఉమ్మడి ప్రదేశాలు" అన్న మాట మళ్లీ చదవండి. ఊరి బావి, ఊరి గుడి, ఊరి హోటల్ అని మన తాతలకు చెప్పిన మాటే యూనివర్సిటీ భాషలో అలా టైపయ్యింది. వాళ్లు షాప్‌కామ్ దగ్గర వెలివాడ కట్టుకుని చలిలో పడుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ వెళ్లిపోయాడు. ఒక క్యాంపస్‌లో ఉమ్మడి స్థలం ఎవరిది అన్న ప్రశ్న తేలకపోతే అది ఎంతదూరం పోతుందో మనకు తెలుసు. స్టాల్‌కు జాగా అడగడాన్ని చిన్న విషయమనేవాళ్లు ఈ పదేళ్ల దూరాన్ని ఒక్కసారి వెనక్కి నడిచి చూడాలి.

ఇక మనం మన లోపలికి కూడా చూసుకోవాలి. రెండు విషయాలు.

ఒకటి, డప్పు. ఏ ఫెస్ట్ అయినా చీఫ్ గెస్ట్ కారు దిగగానే డప్పు మోగాలి. మంత్రి వచ్చినా డప్పే, స్పాన్సర్ కంపెనీ వైస్ ప్రెసిడెంట్ వచ్చినా డప్పే. మాదిగ కళాకారులను గేటు దగ్గర నిలబెట్టి, వాళ్ల ముందు రీల్స్ తీసుకుని, తర్వాత చేతిలో ఒక కవరు పెట్టి పంపేస్తారు. స్టేజీ మీదికి ఎక్కనివ్వరు. అరే, డప్పుకు బిగించిన తోలు చెట్టుకు కాసిందా? తోలు చప్పుడు కావాలి, తోలు తీసిన మనిషి కూర వద్దా? దళిత విద్యార్థులు ఫెస్ట్ నడిపే చోట కూడా ఈ తప్పు జరగకూడదు. డప్పు కళాకారులు గేటు అలంకారం కాదు. వాళ్లకు స్టేజీ ఇవ్వండి, పోస్టర్ మీద పేరు వేయండి, సింగర్‌కు ఇచ్చే లెక్కలోనే డబ్బు ఇవ్వండి.

రెండు, పొయ్యి. ఉద్యమ ఫొటోల్లో మైకు పట్టుకున్నది అన్నలు, ఉల్లిగడ్డలు కోస్తున్నది అక్కలు. మన తిండి రాజకీయం అని ఉపన్యాసం ఇచ్చే తమ్ముడికి తునకలు ఎంతసేపు నానబెట్టాలో తెలియదు. ఆ జ్ఞానం మన అమ్మలది. వంటింట్లో కులాన్ని ఓడించి, అదే వంటింట్లో మగపెత్తనాన్ని కూర్చోబెడితే ఏం గెలిచినట్టు? కాబట్టి కమిటీ రాసుకునేటప్పుడే రాయండి: వండే పనిలో మగపిల్లలు, మైకు దగ్గర ఆడపిల్లలు. అమ్మలను పిలిస్తే వంటకు కాదు, మాట్లాడటానికి పిలవండి. తునకల మీద వాళ్లు అరగంట చెప్తే ఏ సెమినార్‌లోనూ దొరకని సామాజిక చరిత్ర వస్తుంది.

తెలుగు పాఠం చెప్పుకునే మనిషిగా ఇంకొక మాట. జాషువా 1941లో "గబ్బిలం" రాశాడు. గుడిలోకి ప్రవేశం లేని మనిషి, ప్రవేశం ఉన్న గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. మన క్లాసుల్లో ఆ కావ్యాన్ని కరుణరసం అని చెప్పి పది మార్కుల ప్రశ్నకు సరిపెడతాం. అందులో అసలు గుట్టు కరుణ కాదు, గేటు. లోపలికి ఎవరిని రానిస్తారు అన్నది. దళిత కవిత్వం సిలబస్‌లో ఉంటుంది, ఆ కవి ఇంటి కూర ఫెస్ట్‌లో ఉండదు. పద్యాన్ని చప్పరిస్తారు, పళ్లేన్ని చూసి ముక్కు మూసుకుంటారు. అమెరికాలో నల్లవాళ్లు బానిసల గుడిసెల్లో మిగతా ముక్కలతో వండుకున్న తిండికి 1960ల్లో "సోల్ ఫుడ్" అని పేరు పెట్టుకున్నారు. ఆత్మ తిండి. సిగ్గుపడమని ఇచ్చిన తిండినే గౌరవంగా మార్చుకున్నారు. మనకూ ఆ పని ఎవరో వచ్చి చేయరు.

ఇప్పుడు పనిలోకి దిగే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాలుగు ముచ్చట్లు.

అనుమతి నోటితో అడగకండి, రాసి ఇవ్వండి. కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. "కుదరదు" అంటే ఎందుకు కుదరదో రాసి ఇవ్వమనండి. నోటితో కుదరదన్నవాడు కాగితం మీద కులం పేరు రాయలేడు, అక్కడే సగం నిరాకరణలు మెత్తబడతాయి. గబ్బిలంతో కబురు పంపే కాలం పోయింది, ఇన్‌వార్డ్ నంబర్ అడగండి.

ఒక్కరి సంతకంతో అర్జీ పెట్టకండి. పదిమంది, ఇరవైమంది సంతకాలు పెట్టండి. ముస్లిం, క్రైస్తవ, ఆదివాసీ, బీసీ మిత్రులవి, మనతో నిలబడే మిగతా కులాల వాళ్లవి కూడా ఉండాలి. రీయింబర్స్‌మెంట్ మీద బతుకుతున్న ఫస్టియర్ పిల్లల పేరు మొదట రాయకండి.

మిగతా స్టాళ్లకు ఏ నిబంధనలున్నాయో అవే మనకూ అనండి. తక్కువ వద్దు, ఎక్కువా వద్దు. మాంసం లైసెన్సున్న దుకాణంలో కొనండి, బిల్లు దాచండి. ఏం వండారో పెద్ద బోర్డు రాసి పెట్టండి, గిన్నెలు గరిటెలు వేరుగా ఉంచండి. తిననివాడు పొరపాటున కూడా తినకూడదు. వాడి నియమాన్ని మనం గౌరవిస్తాం. మన తిండిని వాడు గౌరవించాలని అడిగే హక్కు అప్పుడు మనకు ఉంటుంది.

రెచ్చగొట్టడానికి వచ్చినవాడితో వాదన పెట్టుకోకండి. ఫోన్‌లో రికార్డు చేయండి, నవ్వండి, "కూర్చో అన్నా, మంచినీళ్లు తాగు" అనండి. గొడవ కావాల్సింది వాడికి. మనకు కావాల్సింది పండుగ.

ఒక్క కూరతో ఆగిపోకండి. పక్కనే పుస్తకాల బల్ల పెట్టండి. మీ ఊరి చిందు, బైండ్ల కళాకారుల పాట పెట్టండి. మీ నాయనమ్మ ఫొటో, ఆమె చెప్పిన కథ రాసి గోడకు అతికించండి. మన బతుకు ఒక గిన్నెలో సరిపోయేది కాదు.

"ఇంతచేసినా ఒక్కరోజు స్టాల్‌తో కులం పోతుందా?" పోదు. ఎవరైనా పోతుందని చెప్తే నమ్మకండి. ఆ రోజు సాయంత్రం షామియానా విప్పాక కులం అక్కడే ఉంటుంది. కానీ ఆ మర్నాడు కమిటీ పుస్తకంలో ఒక లైను ఉంటుంది: ఫలానా ఏడాది ఈ స్టాల్ పెట్టారు, ఏ ఆకాశమూ విరిగిపడలేదు అని. తర్వాతి బ్యాచ్ పిల్లలు సున్నా నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆ లైను నుంచి మొదలుపెడతారు. 2006 నాటి విద్యార్థులు మనకు ఇచ్చింది అదే.

"విద్యార్థుల వల్ల ఏమవుతుంది" అనేవాళ్లకు ఆ క్యాంపస్ ఇంకో జవాబు కూడా చెప్పింది. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చాయి. అడ్డంపడిన విద్యార్థులను పోలీసు వ్యాన్లలో ఎక్కించారు. "చదువుకోక మీకెందుకు, సర్కారుతో పెట్టుకుంటారా" అన్న పెద్దమనుషులు అప్పుడూ ఉన్నారు. పిల్లలు వెనక్కి పోలేదు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. చెట్ల కోసం, జింకల కోసం, నెమళ్ల కోసం ఆ రోజు నగరమంతా ఆ పిల్లలతో నిలబడింది. సంతోషం. అదే నగరం, ఆ పిల్లల్లో కొందరి పళ్లెం కోసం కూడా నిలబడగలదా? జింకకు అడవి ఉండాలన్న మనసు, మనిషికి ఉమ్మడి బల్ల ఉండాలని ఎందుకు అనుకోదు?

కొందరి నెమ్మది కోసం మిగతావాళ్లు నోరు మూసుకుని ఉండటాన్ని సుకూన్ అనరు. దాన్ని ఊరు అంటారు. అందులో వాడ బయట ఉంటుంది. మనం చదువుకున్నది ఆ ఊరిని గాజు అద్దాల్లో మళ్లీ కట్టడానికి కాదు.

అర్జీ రాయండి. పొయ్యి వెలిగించండి. పిలిస్తే వస్తాను, ఉల్లిగడ్డలు కోస్తాను.

జై భీమ్.

(వచ్చే భాగం: హాస్టల్ మెస్‌లో రెండు వరుసలు)